డచ్చి ముద్రాచిత్రాలలోని పేదవాడు

పదిహేడవ శతాబ్దపు డచ్చి ముద్రాచిత్రాలలో కనిపించేది సామాన్య జీవితమే. అట్లు పోసే ముసలమ్మ, ఎలుకల మందు అమ్మేవాడు, పొగత్రాగే రైతు, ద్వారం వద్ద బిచ్చగాడు. వీటి అంతరార్థమేమిటన్న విషయంపై పండితులలో చాలాకాలంగా వివాదం ఉన్నది. 1614లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వెలువడిన రూమెర్ విస్సర్ గ్రంథంలో ప్రతి బొమ్మకూ ఒక సూక్తి, ఒక వ్యాఖ్య జోడించబడినవి. అటువంటి గ్రంథాల ఆధారంగా నిత్యజీవిత చిత్రాలలోనూ నీతిబోధ దాగి ఉన్నదని 1976లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం ప్రదర్శన చాటింది. కాదు, కంటికి కనిపించే లోకాన్ని యథాతథంగా వర్ణించడమే డచ్చి కళ ధ్యేయమని 1983లో స్వెత్లానా ఆల్పర్స్ వాదించారు.

ఉభయ వాదాలలోనూ సత్యాంశ ఉన్నది. అయినను నాకు ముఖ్యమనిపించే ప్రశ్న వేరు: ఎవరి బొమ్మను ఎవరు చూస్తున్నారు?

ముద్రాచిత్రం అంగడి సరుకు. రాగిరేకుకు మైనపు పూత పూసి, సూదితో గీసి, ఆమ్లంలో ఉంచితే గీసినచోట లోహం తినివేయబడుతుంది. ఆ చాళ్లలో సిరా నింపి కాగితంపై ఒత్తితే చిత్రం సిద్ధం. ఒకే రేకు నుండి అనేక ప్రతులు వస్తాయి కనుక, తైలవర్ణ చిత్రాన్ని కొనలేని వర్తకుడు సైతం దీనిని కొనగలడు. త్రాగి తూలే రైతును చూచి నవ్వుకొన్నవాడు పట్టణవాసి. ఆ నవ్వులో, నేను అటువంటివాడను కానన్న తృప్తి కూడ ఉండి ఉండవచ్చును. నీతిబోధ అన్నంత మాత్రాన అది నిష్పక్షపాతమైనదని భావించరాదు.

ఆ కాలపు పేదరికాన్ని కూడ స్మరించాలి. సోమరులనూ బిచ్చగాండ్రనూ దిద్దే నెపంతో ఆమ్‌స్టర్‌డామ్ నగరం 1596లో ఒక శిక్షాగృహం తెరిచింది. అక్కడివారి పని బ్రెజిల్ కలపను అరగదీసి రంగుపొడి చేయడం. బిచ్చగాడు దయనీయుడా, దండనీయుడా అన్నది నాడు జీవన్మరణ సమస్య.

ఈ నేపథ్యంలో రెంబ్రాంట్‌ను చూడాలి. 1630లో గట్టుపై కూర్చొని చేయి చాచిన బిచ్చగానిని చెక్కుతూ, అతనికి తన ముఖాన్నే ఇచ్చాడు! అది కేవలం ముఖకవళికల అభ్యాసమని కొందరనవచ్చు. కాని అభ్యాసానికి రాజవేషమూ దొరుకుతుంది కదా. 1648 నాటి చిత్రం మరింత గంభీరమైనది. ఒక వృద్ధ గృహస్థుడు వాకిట నిలిచి, వీపున బిడ్డను మోస్తున్న స్త్రీ చేతిలో నాణెం పెడుతున్నాడు. ఇందులో వెక్కిరింత లేదు, సూక్తి లేదు. దాతకు ప్రత్యేకమైన తేజస్సూ లేదు. అందరి దృష్టీ ఆ చేతుల వైపే. ఇంకొక విశేషం: బాలుడొకడు మనకు వీపు త్రిప్పి నిలిచాడు. అనగా చిత్రకారుడు మనలను ఇంటి లోపల కాక, వీధిలో, యాచకుల వెనుక నిలబెట్టాడు.

హార్లెం చిత్రకారుడు ఆడ్రియాన్ వాన్ ఒస్టాడే తొలినాళ్లలో రైతుల కలహాలనూ త్రాగుడునూ విరివిగా చిత్రించినవాడు. 1653 నాటి ఆయన ముద్రాచిత్రంలో ఒక పేద కుటుంబం భోజనానికి ముందు ప్రార్థన చేస్తున్నది. ఆ ఇంట వస్తువులు బహు తక్కువ. అక్కడ ఎవరూ నవ్వులపాలు కాలేదు.