కోడిపిల్లలు పంచితే చాలునా?

కోడికూతతో తెల్లవారని పల్లె మన దేశంలో అరుదు. పేదవాని ఇంట ఆవు లేకపోవచ్చు, ఎకరం పొలం లేకపోవచ్చు. కాని పెరట్లో నాలుగు కోళ్ళు మాత్రం తిరుగుతూనే ఉంటాయి. ఇంటికి చుట్టం వచ్చినా, పిల్లవానికి జ్వరం వచ్చి చేతిలో పైసా లేకపోయినా, ఇల్లాలు ముందుగా ఆ కోళ్ళ వైపే చూస్తుంది. ఒక కోడిని వారపు సంతలో అమ్మితే ఆ పూట గండం గడుస్తుంది. 2019 పశుగణన ప్రకారం మన దేశంలోని సుమారు 85 కోట్ల కోళ్ళు మొదలైన పెంపుడు పక్షుల్లో 31 కోట్లకు పైగా ఇటువంటి పెరటి పక్షులే.

ఆపద పూట ఆదుకొనే ఈ పెరటికోడి, ఏడాది పొడుగునా ఆదాయమిచ్చే పరిశ్రమగా మారగలదా? చంద్రపూర్ వంటి జిల్లాకు ఇది ముఖ్యమైన ప్రశ్న.

మన జిల్లాలో నేల కింద బొగ్గు ఉంది, నేల మీద అడవి ఉంది. బల్లార్‌పూర్‌లో కాగితపు మిల్లు, చంద్రపూర్ పక్కన విద్యుత్ కేంద్రం, కోర్పనా వైపు సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. అయినా పల్లెల పేదరికం పోలేదు. గనులూ కర్మాగారాలూ ఎంత పెద్దవైనా పల్లెల్లోని ప్రతి మనిషికీ పని చూపలేవు. మూల్, సిందేవాహి, బ్రహ్మపురి ప్రాంతాలలో వరి, వరోరా, రాజురా, కోర్పనా ప్రాంతాలలో పత్తి, సోయాచిక్కుడు ప్రధానమైన పంటలు. ఎక్కువ భూమి వాన మీదే ఆధారపడి ఉంది. పంట ఇంటికి చేరిన తరువాత కూలి జనానికి పని కరువవుతుంది. ఊరు విడిచి పోకుండా, ఇంటి పక్కనే చేసుకోదగిన పని వారికి కావాలి. కోళ్ళ పెంపకం అటువంటి పని.

ఈ సంగతి ప్రభుత్వాలకు తెలియనిది కాదు. పేద కుటుంబాలకు కోడిపిల్లలను పంచే పథకాలు ఎన్నో వచ్చాయి. పంచిన రోజున గంపలనిండా పిల్లల కిచకిచలు వినిపిస్తాయి. తరువాత కొన్ని తెగులుతో పోతాయి, కొన్నిటిని పిల్లులూ గద్దలూ ఎత్తుకుపోతాయి, మిగిలినవాటికి చాలినంత మేత దొరకదు. ఏడాది తిరిగేసరికి గంప మాత్రమే మిగిలితే, “ఇచ్చినవాటిని కోసుకు తిన్నారు” అని పేదవారినే తప్పుపట్టే వారున్నారు. ఆ మాట న్యాయం కాదు. విత్తనాలు చేతిలో పెట్టి, నీరూ ఎరువూ ఇవ్వకుండా పంట ఏదని అడిగినట్లుంటుంది. పిల్ల, దాణా, టీకా, అమ్మకం, ఈ నాలుగూ గొలుసులోని లంకెల వంటివి. ఒక్క లంకె తెగినా గొలుసు పనికిరాదు. నాలుగింటినీ కలిపి ఉంచినప్పుడే కోళ్ళ పెంపకం పరిశ్రమ అవుతుంది.

మన దేశంలో ఈ గొలుసును పెద్ద ఎత్తున అల్లినవారిలో ముఖ్యుడు ఒక తెలుగువాడే. డాక్టర్ బండా వాసుదేవరావు 1971లో హైదరాబాదులో వెంకటేశ్వర హేచరీస్‌ను స్థాపించారు. తరువాత ఆ సంస్థ మన మహారాష్ట్రలోని పుణెను కేంద్రంగా చేసుకొని పెరిగింది. అయితే మేలుజాతి పిల్లలు దొరికినంత మాత్రాన రైతు కష్టాలు తీరలేదు. గుడ్డు పెట్టించేది రైతు, ధర నిర్ణయించేది వ్యాపారి. ఖర్చు కూడా రాని ధరకు అమ్ముకోవలసి వచ్చేది. వాసుదేవరావు రైతులను కూడగట్టగా, 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సమితి ఏర్పడింది. తమ గుడ్డు ధరను తామే ప్రకటించుకొనే ధైర్యం రైతులకు వచ్చింది. నేడు దేశంలో ఉత్పత్తి అయ్యే ప్రతి పది గుడ్లలో సుమారు మూడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల నుండే వస్తున్నాయి. మేలుజాతి కోడి వల్ల ఎంత లాభం కలిగిందో, రైతుల ఐకమత్యం వల్ల కూడా అంత లాభం కలిగింది.

అయితే వేల కోళ్ళతో, లక్షల పెట్టుబడితో నడిచే ఫారాలను చూసి, “ఇది మనవల్ల అయ్యే పని కాదు” అని పేదవారు వెనుదిరుగుతారు. ఆ భయంలో నిజం లేకపోలేదు. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. మాంసం కోసం పెంచే కోడి సుమారు నలభై రోజుల్లో రెండు కిలోలు పెరుగుతుంది. అందుకు మూడున్నర కిలోల వరకు దాణా తింటుంది. పెంపకానికయ్యే ఖర్చులో దాదాపు మూడింట రెండు వంతులు దాణాకే పోతుంది. 400 కోళ్ళను పెంచే ఇల్లాలికి ఒక విడతకు 14 క్వింటాళ్ళ దాణా కావాలి. ఆమె ఒంటరిగా అంగడికి వెళితే చిల్లర ధర చెల్లించాలి. కోళ్ళు అమ్మే వేళకు వ్యాపారి చెప్పిన ధరకే తల ఊపాలి. అదే నూరుమంది ఇల్లాళ్ళు కలిస్తే, ఒక విడతకు కావలసిన దాణా 1,400 క్వింటాళ్ళు. అంత అవసరం ఉన్నవారు సొంతంగా దాణా మిల్లే పెట్టుకోవచ్చు, ఒక పశువైద్యునికి జీతమివ్వవచ్చు, నాగపూర్ వ్యాపారితో సమానంగా కూర్చొని మాట్లాడవచ్చు. కోళ్ళ సంఖ్య ఇంటింటికీ కొద్దిదే అయినా, కలిసినప్పుడు అది పెద్ద పరిశ్రమ.

ఇది కేవలం కాగితం మీది లెక్క కాదు. బల్లార్షా నుండి ఢిల్లీ వైపు పోయే రైలు నాగపూర్ దాటి ఇటార్సీ చేరుతుంది. ఇటార్సీకి దగ్గరలోనే మధ్యప్రదేశ్‌లోని కేస్లా ప్రాంతం ఉంది. అక్కడివారిలో ఎక్కువమంది గోండు, కోర్కూ జాతుల గిరిజనులు. మన జిల్లాలో వలెనే అక్కడ కూడా అడవి, వానాధారపు పొలాలు, వలసలు. ప్రదాన్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో అక్కడి స్త్రీలు ఇంటి పక్కనే చిన్న షెడ్లు వేసుకొని, ఒక్కొక్కరు మూడు నాలుగు వందల కోళ్ళను పెంచడం నేర్చుకొన్నారు. 2001లో వారి సహకార సంఘం ఏర్పడింది. పిల్లలను, దాణాను, మందులను సంఘమే సమకూరుస్తుంది. పెరిగిన కోళ్ళను సంఘమే అమ్ముతుంది. బజారులో ధర పడిపోయిన దెబ్బ నేరుగా ఆ ఇల్లాలిపై పడదు. ఎంత దాణాకు ఎంత బరువు పెంచింది, ఎన్ని పిల్లలను బతికించింది అనే దానిని బట్టి ఆమెకు ప్రతిఫలం అందుతుంది. ధరల బరువును సంఘం మోస్తుంది. బడికి వెళ్ళే అవకాశం దొరకని స్త్రీలు కూడా ఒక పరిశ్రమకు యజమానులయ్యారు.

“పెద్ద కంపెనీలతో ఒప్పందం చేసుకొంటే సరిపోదా? పిల్లలూ దాణా వారే ఇస్తారు, కోళ్ళను వారే తీసుకుపోతారు” అని కొందరంటారు. ఈ పద్ధతిలోనూ మంచి ఉంది. ధరల హెచ్చుతగ్గుల నుండి రైతుకు కొంత రక్షణ దొరుకుతుంది. కాని ఒప్పందానికి సాధారణంగా వేల కోళ్ళు పట్టే షెడ్డు కావాలి. దానికి సొంత భూమి, బ్యాంకు అప్పు కావాలి. అవి ఉన్న రైతుకు ఆ దారి మంచిదే కావచ్చు. భూమిలేని ఇల్లాలికి మాత్రం ఆ తలుపు తెరుచుకోదు. పేదవారి కోసం పరిశ్రమ అన్నప్పుడు, పేదవారికి అందే కొలతలోనే దానిని మొదలుపెట్టాలి.

మన జిల్లాకు కొన్ని అనుకూలతలు ఉన్నాయి. దాణాకు పనికివచ్చే సోయా ఇక్కడే పండుతుంది. వరి మిల్లుల నుండి తవుడు, నూకలు వస్తాయి. షెడ్డులో పరచడానికి వరి ఊక దొరుకుతుంది. కోళ్ళ ఎరువు తిరిగి పొలాలకే మేలు చేస్తుంది. “బచత్ గట్” అని మనం పిలుచుకొనే పొదుపు సంఘాలు ఊరూరా ఉన్నాయి. పెరట్లో పెంచదగిన వనరాజా, గ్రామప్రియ వంటి జాతులను హైదరాబాదులోని కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించింది. కొనేవారికీ కొదవ లేదు. మనిషికి ఏడాదికి 180 గుడ్లు అవసరమని పోషకాహార నిపుణులు చెప్పగా, 2023–24లో మన దేశంలో తలకు 103 గుడ్లే లభించాయి.

అయితే అనుకూలతలను చెప్పి అపాయాలను దాచడం మంచిది కాదు. మొదటి అపాయం ఎండ. 2019 మే నెలాఖరులో చంద్రపూర్‌లో ఉష్ణోగ్రత 47 డిగ్రీలు దాటింది. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతూ ఒంటి వేడిని తగ్గించుకొంటుంది. ఎండ మితిమీరితే అది కూడా చాలక ప్రాణం విడుస్తుంది. షెడ్డును తూర్పు పడమరలుగా కట్టడం, కప్పు మీద గడ్డి పరచి నీళ్ళు చల్లడం, గోనెపట్టాలు తడిపి వేలాడదీయడం, చల్లని వేళల్లోనే మేత వేయడం, వేసవిలో కోళ్ళ సంఖ్య తగ్గించడం తప్పనిసరి.

రెండవ అపాయం తెగులు. రాణీఖేత్ అని కూడా పిలిచే కొక్కెర తెగులుకు వేళకు టీకా వేయించాలి. తెగులు సోకిన తరువాత టీకా కోసం పరుగెత్తడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. బర్డ్ ఫ్లూ అంతకన్న భయంకరమైనది. మన దేశంలో కోళ్ళకు అది సోకినట్లు మొదట తేలింది మహారాష్ట్రలోనే, 2006 ఫిబ్రవరిలో, నందుర్బార్ జిల్లా నవాపూర్‌లో. 2025 జనవరిలో మన జిల్లాలోని బ్రహ్మపురి ప్రాంతానికీ వచ్చింది. అటువంటప్పుడు చుట్టుపక్కల కోళ్ళన్నిటినీ చంపక తప్పదు. ప్రభుత్వ పరిహారం అధికారులు చంపించిన కోళ్ళకే గాని అప్పటికే చచ్చిన కోళ్ళకు రాదు. కనుక కోళ్ళు ఉన్నట్టుండి చనిపోతుంటే దాచిపెట్టడం తన ఇంటికీ ఊరికీ కూడా చేటు. వెంటనే పశువైద్యునికి చెప్పేవారే నష్టపోకుండా ఉంటారు. లాభం వచ్చిన ప్రతి విడతలోనూ కొంత సొమ్మును కష్టకాలం కోసం సంఘం పక్కన పెట్టుకోవాలి. అటువంటి నిధి లేని ఊరిలో పరిశ్రమ ఒక్క తెగులుతోనే ముగిసిపోతుంది.

కనుక ప్రభుత్వం పంచిన పిల్లల సంఖ్యను బట్టి పథకం గెలిచిందని చెప్పుకోరాదు. మూడేళ్ళ తరువాత ఎన్ని షెడ్లు నడుస్తున్నాయో లెక్కించాలి. ఒకేసారి జిల్లా అంతటా గంపలు దింపడం కంటే, పది పదిహేను పక్కపక్క ఊళ్ళను ఎన్నుకొని, సంఘాన్నీ, దాణా మిల్లునూ, టీకాలు వేసే యువకులనూ ముందు సిద్ధం చేసి, ఆ తరువాతనే పిల్లలను తేవడం మేలు.

విద్యార్థులారా! ఈ పనిలో మీకు కూడా చోటు ఉంది. సంఘం లెక్కలు రాయాలన్నా, మందు సీసా మీది తేదీ చదవాలన్నా, తెలుగులో తల్లికి చెప్పి మరాఠీలో అధికారికి అర్జీ రాయాలన్నా మీవంటి రెండు భాషలు తెలిసినవారే కావాలి. చదువుకొన్నవారు కోళ్ళు మేపడమేమిటని చిన్నచూపు చూడకండి. లెక్క తెలియని చోట పెట్టుబడి కరిగిపోతుంది, లెక్క తెలిసిన చోట నాలుగు కోళ్ళు నాలుగు వందలవుతాయి. మీ ఊరి తల్లులు పెరటికోడిని ఆపదలో అమ్ముకొనే రోజులు పోయి, తమ సంఘం తరఫున ధర చెప్పి అమ్మే రోజులు రావాలి. అందుకు మీ చదువు సాయపడితే అది సార్థకమైనట్లే.