మిరప పల్నాటి పంట, వంట వేరు

హైదరాబాదు హోటల్లో మెనూ తిరగేస్తే ‘పల్నాటి’ అన్న మాట పక్కన ఎర్ర మిరపకాయల బొమ్మలు రెండో మూడో ఉంటాయి. పల్నాటి కోడి వేపుడు, పల్నాటి మటన్ పులావు, చివరికి పల్నాటి పనీర్. వడ్డించే కుర్రాడు ముందే చెబుతాడు: “కారం గట్టిగా ఉంటది సార్.” ఆ హెచ్చరికే అక్కడ అమ్మే అసలు సరుకు. ముక్కు కారి, కళ్లు చెమర్చి, నాలుక మొద్దుబారితే పల్నాటి రుచి తిన్నట్టు లెక్క.

ఈ లెక్కకు ఒక వరస ఉంది. భారతీయ వంట అంటే మసాలాలు, మసాలాలంటే ఘాటు, ఘాటులో పెద్దపీట ఆంధ్రులది, ఆంధ్రుల్లో గుంటూరోళ్లది, గుంటూరోళ్లలో పల్నాటోళ్లది. మన వంటను పరిచయం చేసే పుస్తకాలూ, టీవీ కార్యక్రమాలూ, యూట్యూబ్ వీడియోలూ దీన్నే అప్పజెబుతుంటాయి. మనవాళ్లు దానికి పౌరుషం కూడా జోడించారు. ఉప్పూ కారం తినే ఒంటికి రోషం ఉంటుందన్న నానుడిని పల్నాటికి దస్తావేజు రాసి ఇచ్చేశారు. బాలచంద్రుడు, కోడిపందెం, కత్తి, కారం అన్నీ ఒకే కంచంలో కలిపేశారు.

పల్నాటి వంటలో కారం ఉంది, కాదనను. కానీ ఆ వంటను నిలబెట్టేది కారం కాదు. పులుపు, పోపు, వాటికి దన్నుగా జొన్న, పప్పు. కారాన్ని దాని హద్దులో ఉంచడమే అక్కడి వంట నేర్పు.

ముందు వీరుల సంగతి చూద్దాం. పల్నాటి యుద్ధం 12వ శతాబ్దం చివర్లో కారంపూడి దగ్గర, నాగులేటి ఒడ్డున జరిగింది. మిరప పుట్టిల్లు అమెరికా ఖండం. 1492లో కొలంబస్ అటువైపు వెళ్లేదాకా తక్కిన ప్రపంచం దాని మొహం చూడలేదు. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరిన తర్వాతే పోర్చుగీసు ఓడల మీద అది మన తీరానికి వచ్చింది. అంటే బాలచంద్రుడు కత్తి పట్టిన మూడు వందల ఏళ్లకు గానీ మిరప విత్తనం ఈ దేశపు మట్టిని తాకలేదు. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనూ ఒకే బంతిలో కూర్చోబెట్టి తినిపించాడని చెప్పుకునే చాపకూడులో మిరపకాయ లేదు. నాగమ్మ వంటింట్లోనూ లేదు. ఆనాటి ఘాటంతా మిరియాలది, పిప్పళ్లది, అల్లానిది, ఆవాలది. కారం వల్లనే పౌరుషం వస్తుందంటే ఆ వీరులందరికీ అది ఎక్కణ్నుంచి వచ్చినట్టు?

వాళ్ల కథను ద్విపదలో చెప్పిన శ్రీనాథుడికీ మిరప తెలియదు. అతని పేరు మీద ప్రచారంలో ఉన్న చాటువుల్లో పల్నాటి తిండి మీద ఫిర్యాదులున్నాయి. సన్నబియ్యం అన్నానికి అలవాటుపడ్డ కవికి ఇక్కడి జొన్నకూడూ సజ్జకూడూ మింగుడు పడలేదు. విసుక్కుంటే విసుక్కున్నాడు గానీ, ఈ సీమ వంటకు ఆధారం ఏదో సరిగ్గానే పట్టుకున్నాడు. 1967లో నాగార్జునసాగర్ కుడి కాలువకు నీళ్లు వదిలేదాకా పల్నాడులో చాలా భాగం మెట్ట. జొన్న, సజ్జ, వరిగ, కొర్ర. వాటితోపాటు కంది, పెసర, ఉలవ. వరి అన్నం పండక్కో, చుట్టాలొస్తేనో. కూర ఏది వండినా జొన్న సంకటికీ జొన్నరొట్టెకీ తగ్గట్టు వండాల్సిందే. జొన్నకు తనదైన చప్పదనం ఉంది, కాస్త మొరటుదనమూ ఉంది. దాన్ని గొంతు దాటించేవి చింతపండు పులుసు, గోంగూర, పప్పు, మజ్జిగ. పులుపు నోట్లో నీళ్లూరిస్తుంది కాబట్టి ఎండు రొట్టె దిగుతుంది. ఉత్త కారమైతే చెంబు కోసం వెతుక్కోవడమే.

ఇక కరువు కథ. ఒకప్పుడు గుంటూరు సీమలో పెద్ద కరువు వచ్చిందట, మిరపకాయలు తప్ప ఏమీ మిగల్లేదట, వాటినే నూరుకుని తిని బతికారట, అలా కారం అలవాటైందట. వినడానికి బాగానే ఉంటుంది. 1832–33 నాటి గుంటూరు కరువు, పెద్దలు డొక్కల కరువు అని చెప్పుకున్నది, నిజంగానే ఘోరమైనది. ఊళ్లకు ఊళ్లు పాడుబడ్డాయి. కానీ వానల్లేక జొన్న మాడిపోయిన చోట మిరప పచ్చగా నిలబడుతుందా? జొన్న కన్నా మిరపకు తడులు ఎక్కువ కావాలని మాచర్ల నుంచి వినుకొండ దాకా ఏ రైతునడిగినా చెబుతాడు. అసలు గింజే లేనప్పుడు కారం దేంట్లో కలుపుకుంటారు? ఆకలిచావులను తిండి అలవాటుగా మార్చి చెప్పడం తెలివితక్కువే కాదు, పోయినవాళ్లకు అమర్యాద కూడా.

మూడో వాదం ఎండది. వేసవి వస్తే ఎండల లెక్కల్లో పల్నాటి రెంటచింతల పేరు పేపర్లో పడుతుంది. అంత ఎండలో ఉండేవాళ్లు చెమట పట్టి ఒళ్లు చల్లబడటానికి, తిండి చెడిపోకుండా ఉండటానికి కారం తింటారని చెబుతారు. మసాలాలు సూక్ష్మజీవులను అడ్డుకుంటాయి కాబట్టే వేడి దేశాల్లో వాటి వాడకం ఎక్కువని 1998లో పాల్ షెర్మన్, జెన్నిఫర్ బిల్లింగ్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రతిపాదించారు. 2021లో లిండెల్ బ్రోమ్‌హామ్ బృందం 70 వంట సంప్రదాయాల నుంచి 33,750 వంటకాలు తీసుకుని ఆ వాదాన్ని పరీక్షకు పెట్టింది. వేడి దేశాల్లో మసాలాలు ఎక్కువగా కనిపించే మాట నిజమే గానీ, దానికి ఎండ గానీ తిండి వల్ల వచ్చే రోగాలు గానీ కారణమని లెక్కలు చూపించడం లేదని తేల్చింది. అంత దూరం పోనక్కర్లేదు. రెంటచింతల ఎండకు అక్కడి ఇల్లాలు చెప్పే మందు చద్దన్నం, మజ్జిగ, ఉల్లిపాయ. మిట్టమధ్యాహ్నం చేనునుంచి వచ్చిన మనిషికి ఎవరూ కారం ముద్ద పెట్టి చల్లబడమనరు.

పోనీ, ఘాటే గొప్ప అనుకుందాం. ఘాటును కొలిచే స్కోవిల్ కొలమానంలో గుంటూరు సన్నం మిర్చి 35,000 నుంచి 40,000 దాకా ఉంటుంది. ఈశాన్య రాష్ట్రాల భూత్ జొలోకియా 10 లక్షలు దాటింది. పాతిక రెట్లు! ఘాటుకే కిరీటం పెట్టేట్టయితే అది ఎప్పుడో అస్సాం, నాగాలాండ్‌లకు వెళ్లిపోయింది. ఆ మిరపను తినే నాగాల వంటల్లో మనం మసాలా దినుసులు అనుకునేవి దాదాపు కనబడవు. పులియబెట్టిన వెదురు చిగుళ్లు, సోయా గింజలు, పొగబెట్టిన మాంసం ఉంటాయి. ఘాటు ఒక దారి, మసాలా ఒక దారి అనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మరి పల్నాటికి ఈ ముద్ర ఎలా పడింది? పంటను చూసి వంటను ఊహించుకోవడం వల్ల. సాగర్ నీళ్లొచ్చాక ఇక్కడ వరి, పత్తి, మిరప పెరిగాయి. గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు (మిరప బస్తాలు) పోయే ఊళ్లలో పల్నాటి ఊళ్లు ముందు వరసలో ఉంటాయి. సుగంధ ద్రవ్యాల బోర్డు వాళ్ల స్పైసెస్ పార్కు కూడా ఎడ్లపాడు మండలంలోనే ఉంది. 2022 ఏప్రిల్‌లో నరసరావుపేట కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడ్డాక అదీ పల్నాడులోకి వచ్చింది. కానీ ఆ కాయంతా ఇక్కడే ఉంటుందా? చైనాకు, బంగ్లాదేశ్‌కు, శ్రీలంకకు, థాయిలాండ్‌కు పోతుంది. తేజ రకంలో ఘాటు ఎక్కువ కాబట్టి చాలా సరుకు ఓలియోరెజిన్ అనే సారం తీసే ఫ్యాక్టరీలకు పోతుంది. పండించినంత మాత్రాన తిన్నట్టు కాదు. పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయం గుంటూరులోనే ఉంది. అందుకని గుంటూరోళ్లంతా పుట్టుకతోనే చుట్ట కాలుస్తారని ఎవరూ రాయలేదు కదా.

ఎదుటివాళ్ల దగ్గర ఒక గట్టి మాట ఉంది: కొరివికారం ఎవరిది? పండుమిరపకాయల్ని చింతపండు, ఉప్పు వేసి దంచి, మెంతిపిండి కలిపి, వెల్లుల్లితో పోపు పెట్టే ఆ పచ్చడి మనది కాదా? మనదే. కాకపోతే దాన్ని ఎలా తింటామో చూడండి. కంచం అంచున ఉసిరికాయంత. వేడన్నంలో నెయ్యో, నువ్వుల నూనో పోసుకుని నాలుగు ముద్దలు. తర్వాత పప్పు, చారు, చివర మజ్జిగ. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. మన నాలుక దాన్ని రుచిగా గుర్తించదు. వేడినీ నొప్పినీ పసిగట్టే గ్రాహకమే దాన్నీ పసిగడుతుంది. ఆ గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. నెయ్యీ పెరుగూ కారాన్ని ఎందుకు లొంగదీస్తాయో ఇప్పుడు శాస్త్రం చెబుతోంది. పచ్చడి పక్కన నేతిగిన్నె పెట్టడం మన ఇళ్లల్లో ఎప్పటినుంచో ఉంది. ఇంట్లో అంచుకు వడ్డించేదాన్ని హోటలు వాడు గ్రేవీ చేసి కంచం నింపుతాడు. కొరివికారాన్ని సాక్ష్యంగా తెచ్చేవాళ్లు ఈ తేడా చెప్పరు.

మసాలా దినుసుల పని ఏమిటో తెలియాలంటే మిరపపొడి డబ్బా మూసి పోపుల డబ్బా తెరవాలి. నూనె కాగాక ఆవాలు ముందు. అవి చిటపటలాడాక మినప్పప్పు, శనగపప్పు. ఆ తర్వాత జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి. చివర్లో ఇంగువ, కరివేపాకు. ఈ వరస చాదస్తం కాదు. దేనికి ఎంత వేడి కావాలో, ఏది త్వరగా మాడుతుందో తెలిసిన చేతుల లెక్క. దినుసుల్లోని పరిమళం చాలావరకు నూనెలోకి దిగేదే. పోపు ఆ నూనెను పప్పంతా పరుస్తుంది. ఆవాలనే చూడండి. కాగే నూనెలో చిట్లితే కమ్మదనం. పచ్చిగా పిండి కొట్టి తడి తగలనిస్తే ముక్కుపుటాలు అదిరే ఘాటు. ఆవకాయకు ఆ పేరూ ఆ పొగరూ దానివల్లే. మెంతులు దోరగా వేగితే పులుసుకు వాసన, ఒక్క క్షణం ఎక్కువైతే చేదు. ఒకే గింజ, రెండు గుణాలు. ఈ తేడా తెలియనివాడికి ఇరవై రకాల మసాలాలు ఇచ్చినా లాభం లేదు.

ఇంకో సంగతి. గరం మసాలా లేనిదే భారతీయ వంట లేదనుకునేవాళ్లు ఒక వారం పల్నాటి ఇంట్లో భోంచెయ్యాలి. దోసకాయ పప్పు, గోంగూర పప్పు, వంకాయ పులుసుకూర, బెండకాయ వేపుడు, కందిపొడి, చింతకాయ పచ్చడి, ఉలవచారు. లవంగం, చెక్క, యాలకులు ఎక్కడా తగలవు. అవి బయటికొచ్చేది మాంసం తెచ్చిన రోజున. నాటుకోడి పులుసులో ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి, వెల్లుల్లి నూరి వేస్తారు. ఆ ముద్ద పులుసుకు చిక్కదనం ఇస్తుంది, కారం పదును తగ్గిస్తుంది. అంటే మసాలా పెట్టేది ఘాటు పెంచడానికి కాదు, చాలాసార్లు దాన్ని అదుపు చెయ్యడానికే. మనం లెక్కపెట్టుకున్న ఆరు రుచుల్లో కారం ఒకటి. ఒక్కటే.

రుచి గురించి ఈ రభస అంతా దేనికి అంటారా? నష్టం ఉంది కాబట్టి. ఘాటూ ఎరుపూ గొప్పతనానికి గుర్తులైతే వ్యాపారి వాటినే తయారుచేసి అమ్ముతాడు. 2003లో భారత్ నుంచి వెళ్లిన మిరప ఉత్పత్తుల్లో సుడాన్-1 అనే పారిశ్రామిక రంగు ఉన్నట్టు ఫ్రాన్స్ బయటపెట్టింది. 2005లో ఆ రంగు కలిసిందని బ్రిటన్‌లో వందల రకాల సరుకులు దుకాణాల నుంచి వెనక్కి తీశారు. ఎరుపు మీద మోజుకు అదీ ఖరీదు. మరోపక్క వరిగన్నం ఎలా ఉంటుందో పల్నాటి పిల్లలకే తెలియకుండా పోయింది. 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించాక అవే గింజలు నగరాల్లో అందమైన ప్యాకెట్లలో తిరిగొచ్చాయి. వాటి మీద పల్నాటి పేరు లేదు. ఆ పేరును మిరపకాయకు రాసిచ్చేశాం కదా!

అన్నిటికన్నా పెద్ద మోసం రైతు విషయంలో జరుగుతోంది. 2021–22 సీజన్లో నల్ల తామర పురుగు పూతను తినేసి మిరప చేలను ఊడ్చేసింది. రైతులు తోటలు దున్నేశారు. 2025 ఆరంభంలో ధర పడిపోయింది. మార్కెట్ జోక్యం కింద క్వింటాలుకు 11,781 రూపాయలని కేంద్రం ప్రకటించాల్సి వచ్చింది. కర్నూలు వైపు నుంచి పిల్లాపాపలతో వలస వచ్చి కాయ కోసే కూలీల చేతులు సీజనంతా మండుతూనే ఉంటాయి. పల్నాటి కారం, పల్నాటి పౌరుషం అని మీసం తిప్పేవాళ్లకు ఆ మంట గుర్తుకు రాదు. కోతకూలి ఎంత, పురుగుమందు ఖర్చు ఎంత, యార్డులో ఎంత పలికింది అన్న ప్రశ్నలు వాళ్ల నోట రావు.

కాబట్టి పంటనూ వంటనూ విడదీసి చూద్దాం. మిరప మీద గర్వముంటే దానికి గిట్టుబాటు ధర అడగండి. అది పంట వ్యవహారం. వంట మీద గర్వముంటే పోపు పెట్టడం, పులుసు మరిగించడం, జొన్నరొట్టె చేత్తో తట్టడం పిల్లలకు నేర్పండి. పల్నాటి వంట మీద తొలి పాఠం రాసేవాళ్లు చింతపండు నానబెట్టడంతో మొదలుపెట్టాలి. కారం ఎంత వెయ్యాలన్నది రెండో పాఠం. దానికి జవాబు కూడా పల్నాటి వంటింట్లోనే ఉంది: పులుపు ఎంతుందో చూసుకుని వెయ్యమంటారు.