పికప్‌కు కొత్త టైర్లు: చూడాల్సింది గాడులను కాదు, అంకెలను

డీజిల్ పికప్ టైర్లు అరిగిపోయి కొత్తవి వేయించాల్సి వచ్చినప్పుడు దుకాణంలో ముందుగా కళ్లకు కనిపించేవి ఆల్ టెరైన్ టైర్లే. లోతైన గాడులు, పెద్ద పెద్ద రబ్బరు దిమ్మలు, పక్క గోడపై తెల్లటి అక్షరాలు చూడగానే బండి ఎక్కడికైనా వెళ్లగలదన్న భరోసా కలుగుతుంది. అయితే ‘ఆల్ టెరైన్’ అన్నది తయారీదారు పెట్టుకునే పేరే తప్ప కొలిచి ఇచ్చే ప్రమాణం కాదు. టైరు గోడపై అచ్చుపోసిన అంకెలకు మాత్రం కచ్చితమైన అర్థం ఉంది. బరువు ఎత్తుకుని వానలో ఘాట్ రోడ్డు దిగే బండికి ఆధారం ఆ అంకెలే.

బరువు మోసేది లోపలి గాలి

పికప్‌లకు విరివిగా వాడే ఒక సైజును తీసుకుందాం: 265/65 ఆర్ 17, 112 ఎస్. ఇందులో 265 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం. 17 రిమ్ వ్యాసం, అంగుళాల్లో. 112 లోడ్ ఇండెక్స్. ఒక్కో టైరు గరిష్ఠంగా 1120 కిలోలు మోయగలదని దానర్థం. ‘ఎస్’ అంటే గంటకు 180 కిలోమీటర్ల వేగ పరిమితి.

ఇదే సైజులో ‘ఎల్‌టి’ అనే లైట్ ట్రక్ రకం ఆల్ టెరైన్ టైరు తీసుకుంటే దానిపై 120/117 అని ఉండవచ్చు. 120 అంటే 1400 కిలోలు. చూడగానే ఇదే బలమైనదనిపిస్తుంది. కానీ ఆ 1400 కిలోల సామర్థ్యం సుమారు 80 పీఎస్‌ఐ గాలి నింపినప్పటి మాట. పాత టైర్లకు నింపినంత గాలే దీనికీ నింపితే ఇది పాతదాని కంటే తక్కువ బరువే మోస్తుంది. కారణం తేలికైనదే. బండి బరువును ప్రధానంగా మోసేది టైరు లోపలి గాలి. అదనపు ప్లైలు ఆ గాలిని ఎక్కువ పీడనంలో పట్టి ఉంచగల శక్తిని మాత్రమే ఇస్తాయి. అందువల్ల టైరు రకం మారితే గాలి లెక్క కూడా మారాలి. ఆ లెక్క చెప్పకుండా ‘పది ప్లైల టైరు, ఇక భయం లేదు’ అనడం సగం నిజమే.

ఈ సూత్రంతోనే మరో విషయం తెలుస్తుంది. ఒక చక్రంపై 600 కిలోల బరువు, లోపల 35 పీఎస్‌ఐ గాలి ఉన్నాయనుకుంటే టైరు నేలను తాకే భాగం దాదాపు 245 చదరపు సెంటీమీటర్లు. అంటే రెండు పోస్టుకార్డులంత. బ్రేకు, మలుపు, వేగం అన్నీ ఈ కొద్దిపాటి జాగా మీదే ఆధారపడతాయి. ఆల్ టెరైన్ టైరులో గాడులు వెడల్పుగా ఉంటాయి కాబట్టి ఈ జాగాలో నేలను నిజంగా తాకే రబ్బరు ఇంకా తగ్గుతుంది.

తడి తారుపై అసలు పరీక్ష

రోడ్డుపై నీళ్లు నిలిచినప్పుడు లోతైన గాడులు మేలే చేస్తాయి. నీటిని బయటకు తోసి, బండి నీటిపై తేలిపోకుండా కాపాడతాయి. అయితే తొలకరి జల్లుకు తారు పలచగా తడిసినప్పుడు పట్టు వచ్చేది గాడుల లోతు నుంచి కాదు. రబ్బరు మిశ్రమం నుంచి, అది నేలను తాకే తీరు నుంచి. రాళ్లకు చీలకుండా ఉండేందుకు సహజ రబ్బరు పాలు పెంచిన మిశ్రమం ఒక రకం. తడిలో పట్టు కోసం సిలికా కలిపిన మిశ్రమం మరో రకం. రెండు గుణాలనూ ఒకే టైరులో పూర్తిగా సాధించడం కష్టం. ఎత్తైన దిమ్మలు బ్రేకు వేసినప్పుడు వంగడం వల్ల కూడా పట్టు కొంత పోతుంది.

పికప్‌కు ఇది మరింత ముఖ్యం. వెనుక ట్రే ఖాళీగా ఉన్నప్పుడు వెనుక చక్రాలపై బరువు తక్కువ. డీజిల్ ఇంజిన్ తక్కువ ఆర్‌పీఎంలోనే ఎక్కువ టార్క్ ఇస్తుంది. ఈ రెండూ కలిస్తే తడి మలుపులో వెనుక చక్రాలు జారడానికి యాక్సిలరేటర్‌ను కాస్త గట్టిగా తొక్కితే చాలు. పూర్తి లోడుతో ఉన్నప్పుడు సమస్య మారి, బండిని ఎంత దూరంలో ఆపగలమన్నది ప్రశ్న అవుతుంది.

దీనికి తోడు ఇంధనం ఖర్చు ఉంది. టైరు తిరిగే ప్రతిసారీ రబ్బరు నలిగి, మళ్లీ సాగుతుంది. ఆ క్రమంలో కొంత శక్తి వేడిగా మారి వృథా అవుతుంది. బరువైన, మందపాటి టైరులో ఈ నష్టం సాధారణంగా ఎక్కువ. గాలి తక్కువగా ఉండి, పైన మే నెల ఎండ కూడా తోడైతే ఆ వేడి టైరు పగలడానికీ దారితీయవచ్చు.

ఏ నేలకు ఏ టైరు

ఆల్ టెరైన్ టైరు అక్కర్లేదని దీని అర్థం కాదు. గ్రానైట్ క్వారీ బాటలు, కంకర రోడ్లు, గరుకు ఎర్రనేలల్లో దాని మందమైన రబ్బరు, గట్టి పక్క గోడ కోతలను, పంక్చర్లను బాగా తగ్గిస్తాయి. రోజువారీ ప్రయాణంలో సగం అలాంటి దారులే అయితే తారుపై కొంత పట్టు, కొంత మైలేజీ వదులుకోవడం సబబే.

నల్లరేగడి సంగతి వేరు. అందులోని మాంట్‌మొరిల్లొనైట్ బంకమట్టి నీటిని పీల్చి ఉబ్బి జిగటగా మారుతుంది. తడి రేగడిలో నాలుగు చుట్లు తిరిగేసరికి ఆల్ టెరైన్ గాడులు మట్టితో పూడుకుపోతాయి. ఆ తర్వాత అది నున్నటి టైరుతో సమానం. పత్తి చేల దారిలో వాన వెలిసిన వెంటనే బండిని దింపకపోవడమే అక్కడ మంచి ఉపాయం. ఏడాదిలో ఎక్కువ రోజులు తారు రోడ్డుపైనే తిరుగుతూ, అప్పుడప్పుడు మాత్రమే పొలం బాట పట్టే బండికి మంచి హైవే రకం టైరు చాలు.

కొనేముందు మరో మూడు విషయాలు సరిచూసుకోవాలి. 265/65కు బదులు 265/70 వేస్తే టైరు వ్యాసం 3.4 శాతం పెరుగుతుంది. స్పీడోమీటర్ 80 చూపినప్పుడు అసలు వేగం దాదాపు 83 ఉంటుంది. పక్క గోడపై ఉండే తయారీ కోడ్ చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండు వారాన్ని, తర్వాతి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. 2324 అంటే 2024లో 23వ వారం. ఇక పార్ట్‌టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో ముందు, వెనుక టైర్ల వ్యాసం తేడాగా ఉంటే గేర్ల వ్యవస్థపై ఒత్తిడి పడుతుంది. అందుకే నాలుగూ ఒకేసారి మార్చడం మేలు.

లేబుల్‌పై తడి పట్టు కూడా ఉండాలి

దొర్లుడు నిరోధం, తడి రోడ్డుపై పట్టు, శబ్దం ఈ మూడింటికీ కనీస ప్రమాణాలను కేంద్ర రహదారి రవాణా శాఖ 2022లో నోటిఫై చేసింది. ఇంధన సామర్థ్య బ్యూరో టైర్లకు స్టార్ లేబుల్ పథకాన్నీ తెచ్చింది. ఇవి మంచి అడుగులు. అయితే కనీస హద్దు దాటిందా లేదా అన్నది ఆమోదించే వారికి చాలు. ఎంత దాటిందన్నది కొనేవారికి తెలియాలి. ఐరోపా సమాఖ్యలో 2021 మే నుంచి అమలవుతున్న కొత్త లేబుల్ తడి పట్టును ఏ నుంచి ఈ వరకు శ్రేణులుగా చూపుతుంది. మన దుకాణాల్లోనూ ప్రతి టైరుపై ఆ శ్రేణి కనిపించేలా నిబంధన రావాలి. అది వచ్చేదాకా ఈ మూడు ప్రశ్నలను కొనేవారే అడగాలి: ఈ టైరు లోడ్ ఇండెక్స్ ఎంత? నా లోడుకు ఎంత గాలి నింపాలి? తడి రోడ్డుపై దీని పట్టును ఎలా కొలిచారు? ఈ మూడింటికీ సరైన జవాబు దొరికాకే గాడుల అందం గురించి ఆలోచించవచ్చు.