రక్తం పెరిగిందా? మా ప్రణాళిక

ఊళ్లలో రక్తపరీక్షలు చేసే ఏఎన్ఎంలు, ఆశాలు, అంగన్‌వాడీ టీచర్లు, కొందరు డాక్టర్లు కలిసి రాసుకున్న ప్రణాళిక ఇది.

15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనతను 2025 నాటికి సగానికి తగ్గించాలని 2012లో ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానించింది. తరవాత గడువును 2030కి జరిపారు. మన దేశంలో జరిగింది వేరు. 2015-16 సర్వేలో 53 శాతం ఉన్నది 2019-21 నాటికి 57 అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6. ప్రభుత్వం ఐరన్ మాత్రలు పంచడం మొదలుపెట్టింది 1970లో!

అందుకే, పంచిన మాత్రల లెక్క చూసి మేము తృప్తిపడం. రిజిస్టరులో గర్భిణికి 180 మాత్రలు ఇచ్చినట్టే ఉంటుంది. ఇంటికెళ్తే ఎర్రమాత్రల షీటు బియ్యం డబ్బా వెనక సగం కూడా తెగకుండా కనిపిస్తుంది. వికారం, మలబద్ధకం, విరేచనం నల్లగా వస్తోందన్న భయం, బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందన్న అత్తగారి మాట, వీటిలో ఏదో ఒకటి అడ్డుపడి ఉంటుంది. గద్దించకుండా అడుగుతాం. నల్లగా రావడం మామూలేనని ముందే చెప్తాం. పరగడుపున పడకపోతే రాత్రి అన్నం తిన్నాక వేసుకోమంటాం. టీ, కాల్షియం మాత్ర దాంతోపాటు వద్దంటాం. నెల తిరగ్గానే మళ్లీ పరీక్ష చేస్తాం. హిమోగ్లోబిన్ ఒక గ్రాము కూడా పెరక్కపోతే పెద్దాసుపత్రికి పంపుతాం.

పరీక్షా సరిగ్గా చేయాలి. వేలు గట్టిగా పిండితే చుక్కలో నీరు కలిసి అంకె తప్పుతుంది. చెయ్యి వెచ్చబరిచి, మొదటి చుక్క తుడిచేసి, తనంతట ఊరిన చుక్కనే తీసుకుంటాం.

రక్తం తక్కువైన ప్రతి ఒక్కరికీ లోటు ఇనుమే కాదు. పాడేరు, ఉట్నూరు ఏజెన్సీల్లో సికిల్ సెల్, మలేరియా చూడకుండా ఐరన్ చేతిలో పెట్టి పంపడం వైద్యం అనిపించుకోదు. చెప్పుల్లేకుండా తిరిగే పిల్లల్లో కొంకిపురుగులు ఉండొచ్చు. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోందా అని ఆడవాళ్లను అడిగేవాళ్లే లేరు. దానికి మందులున్నాయి. అవి అందక చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్నవాళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ చాలామంది ఉన్నారు. ఇకమీదట ఆ ప్రశ్న మేము ప్రతి స్త్రీనీ అడుగుతాం.

తోటకూర, మునగాకు తినమని చెప్పి చేతులు దులుపుకోం. ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టేది కొంచెమే, నిమ్మరసం పిండుకుంటే మరికాస్త. మాంసం, కార్జంలోది బాగా పడుతుంది. అందరూ తిన్నాక మిగిలింది తినే కోడలికి ఆ ముక్క దక్కాలంటే భర్తతో, అత్తతో కూర్చుని మాట్లాడాలి. మాట్లాడతాం.

ప్రభుత్వాలనూ, ప్రపంచ సంస్థలనూ మేము అడిగేవి ఇవి. ప్రతి సబ్‌సెంటర్‌లో పనిచేసే హిమోగ్లోబిన్ మిషను ఉండాలి. మాత్రలు పడని గర్భిణికి ఐరన్ ఇంజెక్షను దగ్గర్లోని పీహెచ్‌సీలోనే దొరకాలి. 7 గ్రాముల లోపు పడిపోయిన గర్భిణికి అదే రోజు బండి పంపాలి. ఏటా ఎంతమందికి రక్తం పెరిగిందో మండలాలవారీగా ప్రకటించాలి. ఉన్న అంకె ఉన్నట్టు రాసినందుకు ఏ ఏఎన్ఎంకూ, ఏ ఆశాకూ మెమో ఇవ్వకూడదు.