పగటి కరెంటు రాత్రికి దాచేదెక్కడ?

విశాఖపట్నం: మిట్టమధ్యాహ్నం కరెంటు కావలసినంత ఉంటున్నది. రాత్రి ఏడు గంటలయ్యేసరికి కరవవుతున్నది. రాష్ట్ర విద్యుత్ రంగం ముందున్న పెద్ద చిక్కు ఇప్పుడు ఇదే. అనంతపురం, కర్నూలు వైపు ఎండతో నడిచే కేంద్రాలు పగలంతా కరెంటు ఇచ్చి పొద్దుగుంకగానే నిలిచిపోతాయి. సరిగ్గా ఆ వేళకే ఊళ్ళలో దీపాలు, ఫ్యాన్లు, పట్నంలో ఏసీ యంత్రాలు ఒక్కసారిగా మొదలవుతాయి. పగలు మిగిలినదాన్ని రాత్రికి దాచుకోగలిగితే ఈ చిక్కు తీరుతుంది. ధాన్యానికి గాదె ఉన్నట్టే కరెంటుకూ గాదె కావాలి. ఆ గాదె ఎక్కడ కట్టాలనే ప్రశ్న తిరిగి తిరిగి విశాఖ మన్యం కొండల మీదికే వస్తున్నది.

కరెంటుకు ఒక గుణం ఉన్నది. తీగలో అది నిలవ ఉండదు. ఏ క్షణానికి ఎంత వాడకం ఉంటే ఆ క్షణానికి అంతే ఉత్పత్తి కావాలి. ఈ రెండూ సరిపోయినంత సేపూ గ్రిడ్డు సెకనుకు 50 ఆవృత్తులతో నడుస్తుంది. వాడకం పెరిగితే ఆ లెక్క తగ్గుతుంది, ఉత్పత్తి ఎక్కువైతే పెరుగుతుంది. హద్దు దాటితే యంత్రాలు తమను తాము కాపాడుకోవడానికి ఒకదాని వెంట ఒకటి విడిపోతాయి. 2012 జులై 30, 31 తేదీలలో ఉత్తర భారతమంతా చీకటి అయింది ఇలాగే. అరవై కోట్ల మందికి పైగా ఇబ్బందిపడ్డారు. ఆ రోజున మన దక్షిణాదికి ఏమీ కాలేదు. అప్పటికి దక్షిణ గ్రిడ్డు వేరుగా ఉండేది, గాజువాకలో ఉన్నటువంటి మార్పిడి కేంద్రాల ద్వారా మాత్రమే తూర్పు గ్రిడ్డుతో ఇచ్చిపుచ్చుకునేది. 2013 డిసెంబరు 31తో దేశమంతా ఒక్కటే గ్రిడ్డు అయింది. దీనివల్ల లాభమూ ఉన్నది, భయమూ ఉన్నది. ఎక్కడి ఒడుదుడుకైనా ఇప్పుడు మన గడప దాకా రాగలదు. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దేశాలు పట్టపగలే చీకటిపడ్డ సంగతి పత్రికలలో చదివినవారికి గుర్తుండే ఉంటుంది.

ఇంతకాలం ఈ సర్దుబాటు పని బొగ్గు మీద పడింది. పరవాడ వద్ద సింహాద్రి కేంద్రం నాలుగు యూనిట్లతో 2,000 మెగావాట్లది. ఎండ ఉన్నంత సేపూ దాని మంట తగ్గించి, సాయంత్రానికి పెంచాలి. అయితే బొగ్గు కొలిమి వంటింటి పొయ్యి వంటిది కాదు. సగానికి దగ్గరగా తగ్గించేసరికే నిలకడ తప్పుతుంది, బొగ్గు ఖర్చు యూనిట్‌కు పెరుగుతుంది, గొట్టాలు త్వరగా పాడవుతాయి. పూర్తిగా ఆర్పితే తిరిగి వేడెక్కించడానికి గంటల తరబడి పడుతుంది.

మరోవైపు విశాఖలో గిరాకీ పెరుగుతున్నది. ఉక్కు కర్మాగారపు బ్లాస్ట్ ఫర్నేసుకు రాత్రి, పగలు అన్న తేడా లేదు. లోపల ఇనుము కరిగి ఉండగా గాలి ఊదే యంత్రాలు ఆగితే అది ఒక పూటలో సరిదిద్దుకునే నష్టం కాదు. అందుకే ఉక్కు కర్మాగారం మొదటి నుంచీ సొంత విద్యుత్ కేంద్రం పెట్టుకున్నది. అచ్యుతాపురం దగ్గరి పూడిమడక వద్ద హరిత హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. అదే ఏడాది అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖలో భారీ డేటా కేంద్రం ప్రకటించింది. లెక్కలు కట్టే యంత్రాలకు కూడా రాత్రి నిద్ర లేదు. ఇవన్నీ తమకు స్వచ్ఛమైన కరెంటే కావాలంటున్నాయి. ఎండ లేని వేళ ఆ స్వచ్ఛమైన కరెంటు ఎక్కడి నుంచి రావాలి?

దాచే దారులు ముఖ్యంగా రెండు. ఒకటి నీరు, రెండవది బ్యాటరీ.

నీటి పద్ధతి మన ప్రాంతానికి కొత్తది కాదు. పగలు మిగిలిన కరెంటుతో దిగువ చెరువు నీటిని పంపులతో పై చెరువుకు ఎక్కిస్తారు. రాత్రి అదే నీటిని కిందకు వదిలి యంత్రాలు తిప్పుతారు. వెయ్యి లీటర్ల నీరు నాలుగు వందల మీటర్ల ఎత్తు నుంచి దిగితే వచ్చేది దాదాపు ఒక్క యూనిట్. అందుకే ఎత్తయిన కొండ, దాని కిందనే లోయ ఉన్న చోటు కోసం కంపెనీలు వెదుకుతున్నాయి. తూర్పు కనుమలలో అటువంటి చోట్లకు కొదవ లేదు. నీరు ఎక్కించి దించడంలో కొంత నష్టం తప్పదు. నూరు యూనిట్లు పెడితే డెబ్బయి అయిదు నుంచి ఎనభై వరకు తిరిగి వస్తాయి.

బ్యాటరీ అంటే లారీ బ్యాటరీ కాదు. ఓడరేవులో కనిపించే ఇరవై అడుగుల కంటెయినరు వంటి పెట్టెలో లిథియం కణాలు పేర్చి ఉంటాయి. ఇప్పుడు వస్తున్న పెట్టె ఒక్కటి సుమారు అయిదు వేల యూనిట్లు దాచగలదు. అయిదు హార్స్ పవర్ మోటారు గంటకు నాలుగు యూనిట్లు తాగుతుందనుకుంటే, తొమ్మిది గంటల చొప్పున 140 మోటార్లకు ఒక రోజు సరిపోయే కరెంటు అన్నమాట. నష్టం నీటి పద్ధతి కంటే తక్కువ. గ్రిడ్డు తడబడినప్పుడు సెకనులో కొంత భాగంలోనే అందుకుంటుంది, నీటి యంత్రానికి నిమిషాలు కావాలి. ఆస్ట్రేలియాలోని హార్న్స్‌డేల్ వద్ద 2017లో పెట్టిన వంద మెగావాట్ల బ్యాటరీ ఈ సంగతి ప్రపంచానికి రుజువు చేసింది. మన దేశంలో ఢిల్లీ కిలోక్రీ సబ్‌స్టేషన్‌లో 2025లో ఇరవై మెగావాట్ల బ్యాటరీ నడకలోకి వచ్చింది. నిడివి మాత్రం రెండు నుంచి నాలుగు గంటలు. ఆయుష్షు పన్నెండు, పదిహేనేళ్ళు. ఆనకట్ట రెండు మూడు తరాలు నిలుస్తుంది.

మొన్నటి వరకూ బ్యాటరీ ధర వింటే గుండె ఆగేది. 2022లో కేంద్ర సంస్థ సెకీ జరిపిన వేలంలో రెండు గంటల నిల్వకు మెగావాటుకు నెలకు 10 లక్షల 83 వేల రూపాయల అద్దె పలికింది. 2024 చివరికి రాజస్థాన్ కోసం జరిగిన వేలంలో, కేంద్ర సాయం కలుపుకొని, అది రెండు లక్షల ఇరవై వేల దరిదాపుకు దిగింది. కొండలు తవ్వే లెక్కలన్నీ పాత బ్యాటరీ ధరల నాడు వేసినవే. వాటిని మళ్ళీ వేసి చూడవలసిన అవసరం ఉన్నది.

రాష్ట్ర ప్రభుత్వం 2024 అక్టోబరులో ప్రకటించిన విధానంలో నీటి నిల్వ 22 వేల మెగావాట్లు, బ్యాటరీ నిల్వ రెండున్నర కోట్ల యూనిట్లు లక్ష్యంగా పెట్టుకున్నది. ఇందులో నీటి వాటాలో గణనీయమైన భాగం ఉత్తరాంధ్ర కొండలదే కానున్నది.

మన్యంలో ఈ నీటి నిల్వ రెండు రకాలుగా రాబోతున్నది. రెంటినీ ఒకే గాటన కట్టకూడదు.

మొదటిది ఎగువ సీలేరు. మాచ్‌ఖండ్ కేంద్రం 1955లో వెలిగింది. తరువాత సీలేరు, డొంకరాయి, దిగువ సీలేరు కేంద్రాలు వచ్చాయి. అక్కడ ఆనకట్టలు ఉన్నాయి, జలాశయాలు ఉన్నాయి, గిరిజనులు ఆ కష్టం ఏనాడో పడ్డారు. ఇప్పుడు జెన్‌కో తలపెట్టిన 1,350 మెగావాట్ల పథకంలో గుంటవాడ జలాశయం పై చెరువు, డొంకరాయి జలాశయం కింది చెరువు అవుతాయి. నడుమ సొరంగాలు, భూగర్భ కేంద్రం, లైన్లు కట్టాలి. అడవి కొంత పోక తప్పదు. అయినా కొత్తగా ఊరు మునగవలసిన ఆనకట్ట లేదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో దీనికి సమ్మతి ఇచ్చింది. అంచనా వ్యయం పదకొండు వేల కోట్ల పైచిలుకు. ఇది ప్రభుత్వ సంస్థ కట్టేది.

రెండవ రకం వేరు. 2022 డిసెంబరులో అప్పటి ప్రభుత్వం అనంతగిరి మండలం పెదకోట వద్ద తొలుత వెయ్యి, రైవాడ వద్ద 600 మెగావాట్ల పథకాలను అదానీ సంస్థకు, చింతపల్లి వైపు ఎర్రవరం వద్ద 1,200 మెగావాట్లను షిర్డీ సాయి సంస్థకు కేటాయించింది. తరువాతి ప్రభుత్వం వచ్చాక గుజ్జిలి, చిట్టంవలస పథకాలు నవయుగ పేర వచ్చాయి. పార్టీ మారినా దారి మారలేదన్నమాట. ఇక్కడ చెరువులు కొత్తగా కట్టాలి. గెడ్డ నీరు పట్టి నింపాలి. కంపెనీలు చెప్పే మాట, ఒక్కసారి నింపితే చాలు, ఆ తరువాత ఆవిరి అయిన మేరకే నీరు తీసుకుంటామని. అది నిజమే కావచ్చు. అయితే ఆ మొదటిసారి నింపేది ఏ గెడ్డ నుంచి, ఏ నెలలో, దిగువన ఉన్న పల్లపు మడికి ఆ ఏడాది ఏమి మిగులుతుంది అన్నది ఊరివారికి వాళ్ళ భాషలో చెప్పవలసిన సంగతి. రైవాడ పేరు వినగానే దేవరాపల్లి, చోడవరం వైపు రైతులు ఉలిక్కిపడుతున్నారంటే ఆశ్చర్యం లేదు. ఆ శారదా నది నీరు వారి పొలాలకూ, విశాఖ నగరం కుళాయిలకూ ఇదివరకే పంచుకోవలసి ఉన్నది. మూడో వాటాదారు వస్తే పంపకం తిరగరాయాలి.

అనంతగిరి కొండల మీద ఉన్నది బంజరు కాదు. కాఫీ, మిరియాలు, రాజ్మా, పోడు పట్టాల భూములు ఉన్నాయి. 2025లో ఈ పథకాలకు వ్యతిరేకంగా మన్యంలో గిరిజనులు నిరసనలు చేశారు. వారి వైపు ఒక బలమైన తీర్పు ఉన్నది. ఇదే అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల వివాదంలో సుప్రీంకోర్టు 1997 జులై 11న సమత కేసులో తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతర ప్రైవేటు వ్యక్తులకు, కంపెనీలకు లీజుకు ఇవ్వరాదని, ప్రభుత్వ సంస్థలకో, గిరిజన సహకార సంఘాలకో ఇవ్వవచ్చునని అందులోని సారం. లాభంలో కనీసం ఇరవయ్యో వంతు కాదు, నూటికి ఇరవై పాళ్ళు స్థానికుల అభివృద్ధికి పెట్టాలని కూడా చెప్పింది. అది గనుల గురించి వచ్చిన తీర్పు. నీటి కొండలకు అది ఎంతవరకు వర్తిస్తుందన్నది న్యాయవాదులు తేల్చవలసినది. కాని పాతికేళ్ళు దాటినా అదే మండలంలో అదే ప్రశ్న మళ్ళీ లేవడం గమనించదగ్గది. 1996 నాటి పెసా చట్టం ప్రకారం భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలి. సంతకాల కాగితం ఒకటి తెచ్చి చూపడం సభ కాదు.

పాత అనుభవం మరొకటి మరువకూడదు. నాగార్జునసాగర్‌లో నీటిని వెనక్కి తోడే ఏడు యంత్రాలు 1980 దశకంలోనే బిగించారు. దిగువన నీరు నిలిపే చెరువు మాత్రం 2010 దాటాక గాని పూర్తి కాలేదు. తోడవలసిన యంత్రాలు దశాబ్దాల పాటు మామూలు యంత్రాలుగానే గడిపాయి. ఉన్నదాన్ని పూర్తిగా వాడుకోకుండా కొత్త కొండకు గుద్దలి పెట్టడం మనకు అలవాటయిన పని.

బ్యాటరీల సంగతికి వస్తే, వాటికి కొండ అక్కరలేదు, గెడ్డ అక్కరలేదు. చదును నేల, పెద్ద సబ్‌స్టేషను, బలమైన లైన్లు ఉంటే చాలు. అవన్నీ పరవాడ, గాజువాక పరిసరాలలో సిద్ధంగా ఉన్నాయి. సింహాద్రి జలాశయం మీద 2021 ఆగస్టు నుంచి 75 ఎకరాలలో తేలియాడే సౌర పలకలు 25 మెగావాట్లు ఇస్తున్నాయి. అటువంటి చోట పెట్టెలు దించితే ఎండ వేళ నింపి, రాత్రి పరిశ్రమలకే ఇవ్వవచ్చు. వాడకం ఉన్న చోటనే నిల్వ ఉండడం వల్ల లైన్ల మీద భారమూ తగ్గుతుంది. సాయంత్రపు నాలుగు గంటల కరవుకు ఇది చాలు. వానాకాలంలో రోజుల తరబడి మబ్బు పట్టినప్పుడు మాత్రం ఇది చాలదు. దానికి సీలేరు వంటి నీరే కావాలి.

భయం లేకపోలేదు. 2025 జనవరిలో అమెరికాలోని మాస్ లాండింగ్ వద్ద పెద్ద బ్యాటరీ కేంద్రం తగలబడి చుట్టుపక్కల వారిని ఖాళీ చేయించవలసి వచ్చింది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరిన్ వాయువు లీకై పన్నెండు మంది చనిపోయిన ఊరిది. ఇళ్ళ మధ్య ఇటువంటి కేంద్రం పెట్టనివ్వరాదు. పెట్టెకూ పెట్టెకూ ఎడం, ఊరికి దూరం, మంటలార్పే ఏర్పాటు ముందే చూపించాలి. ఒకటి మాత్రం నిజం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు స్తంభాలే కూలాయి. అటువంటి నాడు ఎంత నిల్వ ఉన్నా ఊరికి చేరదు.

చివరికి ఖర్చు ఎవరిది? 2021 డిసెంబరులో సెకీతో రాష్ట్రం చేసుకున్న ఒప్పందం ప్రకారం సౌర కరెంటు యూనిట్ 2 రూపాయల 49 పైసలు. ఆ ఒప్పందం మీద వివాదం వేరే కథ. సాయంత్రం బహిరంగ మార్కెట్టులో అదే యూనిట్ కొనబోతే కొన్నాళ్ళు గరిష్ఠ పరిమితి అయిన పది రూపాయలు తాకుతున్నది. ఆ తేడా ఇంధన సర్దుబాటు చార్జీల రూపంలో కొన్ని నెలల తరువాత ఇంటి బిల్లులో దిగుతున్నది. మోటారుకు పగలు తొమ్మిది గంటలు ఇస్తున్నారు కనుక రైతు వాడకం ఎండ వేళకే సరిపోతున్నది. నిల్వ కావలసినది ఎక్కువగా పట్నానికీ, పరిశ్రమలకూ. అటువంటప్పుడు నిల్వ అద్దెలో పెద్ద వాటా రాత్రి వాడే భారీ వినియోగదారు మీద వేయాలా, అందరి బిల్లులో సమంగా కలపాలా అన్నది విద్యుత్ నియంత్రణ మండలి తేల్చవలసి ఉన్నది. మండలి బహిరంగ విచారణలో ఎవరైనా అభ్యంతరం రాసి ఇవ్వవచ్చు. ఇప్పటివరకు అక్కడికి వెళ్ళి మాట్లాడుతున్నది ఎక్కువగా పరిశ్రమల వారే.

సీలేరు పథకం ముందు కదిలి, పరవాడ చుట్టూ బ్యాటరీలు వచ్చిన తరువాత కూడా ఎంత లోటు మిగులుతుందో లెక్క కట్టి చూపమని పెదకోట, గుజ్జిలి పంచాయతీలు అడగవచ్చు. ఆ లెక్క గ్రామసభలో తెలుగులోనూ, కొండ భాషలలోనూ చదివి వినిపించనంత వరకు కొండ మీద రాయి కదపడానికి తొందర ఏమీ లేదు.