గొడుగు చూడని అభిమానులు!

ఔట్‌డోర్ షూటింగ్ ఎప్పుడైనా చూశారా మీరు? డైరెక్టర్ "కట్" అనగానే ఏమవుతుంది? ఒక కుర్రాడు గొడుగు పుచ్చుకుని హీరోయిన్ దగ్గరికి పరుగెత్తుతాడు. జనం హీరోయిన్‌ని చూస్తారు, చీరని చూస్తారు, చెప్పుల్ని కూడా వదలరు. గొడుగుని మాత్రం ఎవ్వరూ చూడరు! ఈ వారం కబుర్లు ఆ గొడుగు గురించే.

డిగ్రీ రోజుల్లో నేనూ చూడలేదు లెండి. హనుమకొండలో ముగ్గురం ఒకే గదిలో ఉండేవాళ్ళం. మే నెల ఎండలో మ్యాట్నీ టిక్కెట్ల కోసం నిలబడి కమిలిన మొహాన్ని అద్దంలో చూసుకుంటూ దిగులు పడుతుంటే, రూమ్మేటు ఒక ట్యూబు పేరు చెప్పాడు. "గది పెట్టు బై, పది దినాల్ల హీరో లెక్కయితవ్!" మందుల షాపాయన చీటీ అడగలేదు. అదేం మందని నేనూ అడగలేదు.

నిజంగానే పది రోజుల్లో మెరిశాను! ఇంకో రెండు నెలలు గడిచేసరికి బుగ్గలు ఎర్రబడ్డాయి. మొటిమలు దండెత్తాయి. ఎండలోకి వెళితే కారం పూసినట్టు మంట. ట్యూబు మానేస్తే మంట ఇంకా ఎక్కువ, మళ్ళీ రాస్తే చల్లన. అసలు ఉచ్చు అక్కడే ఉంది!

చర్మ వైద్యుడి దగ్గరికి వెళ్ళాక తెలిసింది, అది స్టెరాయిడ్ అని. స్టెరాయిడ్ చర్మంలోని సన్నని రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. మొహం తేటగా కనిపిస్తుంది. మనం తెల్లబడ్డామని మురిసిపోతాం. లోపల చర్మం మాత్రం పల్చబడుతూ ఉంటుంది. 2011లో మన దేశంలోని చర్మ వైద్యులు ఒక పరిశోధన ప్రచురించారు. మొహం మీది జబ్బులతో వచ్చిన 2926 మందిని పరీక్షిస్తే, 433 మంది మొహానికి స్టెరాయిడ్ రాస్తున్నవాళ్ళే! 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదన్న జాబితాలో చేర్చింది.

అలాగని ఈ మందు పుట్టుకే తప్పా? కాదు. 1975లో అమెరికాలో క్లిగ్‌మన్, విల్లిస్ అనే ఇద్దరు డాక్టర్లు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, డెక్సామెథసోన్ కలిపిన ఒక మిశ్రమాన్ని ప్రకటించారు. ఆ జాతి మందులు మంగు మచ్చలకి, డాక్టర్ కనిపెట్టి ఉండగా, కొన్నాళ్ళు వాడాల్సినవి. మనవాళ్ళు వాటిని స్నో, పౌడర్ల పక్కన పెట్టుకుని నెలల తరబడి రాసేశారు!

మరి ఎండ సంగతో? 2012లో ఒక ప్రసిద్ధ అమెరికా వైద్య పత్రికలో ఒక ట్రక్కు డ్రైవర్ ఫోటో వచ్చింది. ఆయన వయసు 69, అందులో 28 ఏళ్ళు బండి నడిపాడు. కిటికీ వైపున్న ఎడమ చెంప ముడతలు పడి తాత వేషంలో ఉంది, రెండో చెంప బాగానే ఉంది. ఒకే మొహంలో డబుల్ రోల్! కారణం అల్ట్రావయొలెట్ 'ఏ' కిరణాలు. అవి కిటికీ అద్దం గుండా కూడా దూరిపోతాయి. మన చామనఛాయకి పుట్టుకతోనే కొంత గొడుగు ఉంది, దాని పేరు మెలనిన్. అయినా ఎండకి మన మొహాన మంగు, నల్ల మచ్చలు ముదురుతాయి.

మందేమిటంటారా? మన పత్తి చేలల్లో పనిచేసే అక్కల్ని చూడండి. మగవాళ్ళ ఫుల్ చేతుల చొక్కా, తలకీ మొహానికీ చుట్టుకున్న తువ్వాలు. ఏ పరిశోధనా చదవకుండానే సగం డెర్మటాలజీ వాళ్ళకి తెలుసు! మిగతా సగం సన్‌స్క్రీన్. ఎస్.పి.ఎఫ్. 30 ఉన్నది, 'ఏ' కిరణాల్ని కూడా ఆపేది, బయల్దేరే పావుగంట ముందు దండిగా రాయండి. ఎండలోనే ఉంటే రెండు గంటలకోసారి మళ్ళీ రాయండి. మంగు ఉన్నవాళ్ళకి ఐరన్ ఆక్సైడ్ కలిసిన, లేత రంగున్న రకం మేలు. మామూలు వెలుతురు కూడా మంగుని పెంచుతుంది, దాన్ని ఇది అడ్డుకుంటుంది. ఒక్క మాట... సన్‌స్క్రీన్ మిమ్మల్ని తెల్లగా చెయ్యదు. ఉన్న చర్మాన్ని కాపాడుతుంది, అంతే!

ఇప్పటికే ఏదో ట్యూబు రాస్తున్నారా? సిగ్గుపడకండి. ఉన్నపళంగా మానేసి మంటతో అల్లాడకండి కూడా. ట్యూబు జేబులో వేసుకుని చర్మ వైద్యుల దగ్గరికి వెళ్ళండి. వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రిలోనూ చర్మ విభాగం ఉంది. నా మొహం మామూలు కావడానికి ఏడాది పట్టింది. మొదటి నెలలోనే వెళ్ళి ఉంటే అంత పట్టేది కాదు.

తెర మీద మీరు చూసే తెలుపు లైట్లది, మేకప్‌ది. పేకప్ చెప్పగానే అది కడుక్కుపోతుంది. మీ మొహానికి పేకప్ లేదు, రీటేక్ అసలే లేదు! ఈసారి షూటింగ్‌కి వెళితే హీరోయిన్‌తో పాటు ఆ గొడుగుని కూడా చూసి రండి. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం!