లిడెల్ పేరును బెత్తంగా వాడకండి



ఆదివారం సికింద్రాబాద్‌లో ఫుట్‌బాల్ సెలెక్షన్‌కు వెళ్తానన్న పిల్లవాణ్ణి మనమే ఆపేశాం. "ఎరిక్ లిడెల్‌ను చూసి నేర్చుకో" అన్నాం. వాడు ఆరాధనకు వచ్చి తల వంచుకుని కూర్చున్నాడు. గొప్ప సాక్ష్యమని మురిసిపోయాం. కాదు, తప్పు చేశాం.

లిడెల్ గారి సంగతి మనం సగమే చెప్పుకుంటున్నాం. ఆయన 1922, 1923లలో స్కాట్లాండ్ రగ్బీ జట్టుకు ఏడు మ్యాచ్‌లు ఆడారు. పరుగు కోసం రగ్బీ మానుకున్నారు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల హీట్స్ ఆదివారం పడ్డాయని నెలల ముందే తెలిసి, ఆ పందెం వద్దనుకున్నారు. 400 మీటర్లలో 47.6 సెకన్లకు స్వర్ణం గెలిచారు. 1925లో అదీ విడిచి మిషనరీగా చైనా వెళ్లారు. ఏది విడిచినా ఆయనే విడిచారు. ఎవరూ లాక్కోలేదు.

అవే ఒలింపిక్స్‌లో మన హైదరాబాదు ఆటగాడు సయ్యద్ మహమ్మద్ హాదీ టెన్నిస్ ఆడారు. తర్వాత రంజీ ట్రోఫీలో మొట్టమొదటి సెంచరీ సికింద్రాబాద్‌లోనే కొట్టారు. ఆ ఊరి మైదానం మన పిల్లలకు ఎందుకు పరాయిది కావాలి?

ఇక రెండో సగం వినండి. జపాన్ సైన్యం చైనాలో నడిపిన వైషియన్ నిర్బంధ శిబిరంలో పిల్లలు ఆదివారం హాకీ ఆడుతూ కొట్టుకున్నారు. ఆదివారం పరుగెత్తనన్న ఆ మనిషే, వాళ్ల కోసం ఆదివారం రిఫరీగా నిలబడ్డారు. 1945 ఫిబ్రవరి 21న, 43 ఏళ్లకే, ఆ శిబిరంలోనే మెదడులో గడ్డతో ప్రభువు సన్నిధికి చేరారు. మన ప్రసంగాల్లో ఈ మాట వినబడదు. మేమూ చెప్పలేదు.

మరి మన ఆదివారం ఎలా ఉంది? వాక్యం నడుస్తుండగానే ఫోన్ తీస్తాం. మధ్యాహ్నానికి దుకాణం షట్టర్ ఎత్తుతాం. పొలానికి కూలీలను పిలుస్తాం. మన లాభం దాచుకుని, వాడి ఆటను మాత్రం దేవునికి అర్పించాం. మనది కానిదాన్ని ఇస్తే అది అర్పణ అవుతుందా?

ఆరాధన అక్కర్లేదని మేము అనడం లేదు. వాక్యం నేర్పుదాం, నిర్ణయం వాళ్లకు విడిచిపెడదాం. ఆడనంటే తోడు నిలుద్దాం. వెళ్తానంటే తెల్లవారుజామునే ప్రార్థించి బస్సెక్కిద్దాం. ఊచచెయ్యి గలవాణ్ణి విశ్రాంతి దినాననే బాగుచేసిన ప్రభువు మనవాడి కాళ్లు కట్టేయమంటాడా?

వచ్చే ఆదివారం పెద్దలమంతా ఆ పిల్లవాణ్ణి క్షమాపణ అడుగుదాం. మొదట మేమే అడుగుతాం.